మిత్రుడే మాట మార్చిన నాడు: నిక్సన్ నిర్ణయాల నుంచి వర్తకులకు పాఠం

సరుకు ధరను పంట, వాన, ఓడ కిరాయి, వడ్డీ రేటు నడిపిస్తాయని వర్తకులందరికీ తెలుసు. ఈ లెక్కకు అందని కారణం మరొకటి ఉంది. పెద్ద దేశాన్ని ఏలే నాయకుడు తన విదేశాంగ విధానాన్ని రాత్రికి రాత్రి తలక్రిందులు చేయటం. శత్రువు ఆ పని చేస్తాడన్న భయం ధరలో ఎప్పుడూ కొంత కలిసే ఉంటుంది. మిత్రుడు చేస్తాడని ఎవరూ అనుకోరు. అందుచేత మిత్రుడు మాట మార్చినప్పుడే బజారుకు తగిలే దెబ్బ పెద్దది.

1971లోనూ, 1973లోనూ అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ తీసుకున్న మూడు నిర్ణయాలు ఇందుకు మంచి ఉదాహరణ. ఒకటి దౌత్యం, ఒకటి ద్రవ్యం, ఒకటి సరుకు. మూడింటిలోనూ ఎక్కువగా దెబ్బ తిన్నది జపాను. జపానీయులు 1971 నాటి రెండింటికి "నిక్సన్ షాకులు" అని పేరు పెట్టారు. ఆనాటి పరిణామాలను దళ్లాలీ, ఎగుమతి, నిలవల వ్యాపారంలో ఉన్నవారు తమ లెక్కలలో వేసుకుని చూడటం నేటికీ లాభదాయకం.

మొదటి దెబ్బ: పీకింగ్ ప్రయాణం

1971 జూలై 15న నిక్సన్ టెలివిజన్‌లో మాట్లాడుతూ తాను చైనాకు వెళ్ళబోతున్నానని ప్రకటించాడు. అంతకు వారం లోపే ఆయన సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా పీకింగ్ వెళ్ళి వచ్చాడు. అప్పటికి 20 సంవత్సరాలకు పైగా అమెరికా చైనా ప్రభుత్వాన్ని గుర్తించలేదు. మిత్రదేశాలు కూడా తైవాన్‌నే చైనాగా పరిగణించాలని పట్టుబట్టింది. ఆ పట్టుదలకు కట్టుబడి నడిచిన జపాను ప్రధాని ఐసాకు సాటోకు ఈ కబురు ప్రకటనకు కొద్ది నిమిషాల ముందు మాత్రమే అందింది.

ఆ శరదృతువులో ఐక్యరాజ్య సమితిలో తైవాన్ స్థానం నిలబెట్టేందుకు జపాను అమెరికాతో కలిసి తీర్మానం పెట్టింది. అయినా అక్టోబరు 25న ఆ స్థానం చైనాకు పోయింది. మరుసటి జూలైలో సాటో పదవి నుంచి తప్పుకోగా ప్రధాని అయిన తనాకా 1972 సెప్టెంబరు 29న పీకింగ్‌తో దౌత్య సంబంధాలు కుదుర్చుకున్నాడు. ఈ విషయంలో జపాను అమెరికా కంటే ముందుకు వెళ్ళింది. వెనుక నడిచేవాణ్ణి హెచ్చరించకుండా బండి మలుపు తిప్పితే, ఆ తరువాత అతడు తన దారి తానే చూసుకుంటాడు.

మన దేశంపైనా దీని ప్రభావం పడింది. అమెరికా, చైనా, పాకిస్తాన్ దగ్గరవుతున్నాయన్న ఆందోళన మధ్య 1971 ఆగస్టు 9న భారత-సోవియట్ మైత్రీ ఒప్పందంపై సంతకాలు జరిగాయి.

రెండవ దెబ్బ: ఆదివారం రాత్రి ప్రకటన

1944లో బ్రెటన్ ఉడ్స్‌లో సమావేశమైన 44 దేశాలలో మనదీ ఒకటి. అక్కడ ఏర్పడిన పద్ధతి ప్రకారం ఇతర దేశాల నాణేలు డాలరుకు, డాలరు బంగారానికి ముడిపడి ఉన్నాయి. ఔన్సు బంగారం 35 డాలర్లు. ఏ దేశపు కేంద్ర బ్యాంకు అయినా డాలర్లు ఇచ్చి ఆ ధరకు బంగారం తీసుకోవచ్చు. 1940 దశకం చివర అమెరికా వద్ద 2,000 కోట్ల డాలర్లకు పైబడిన బంగారం ఉండేది. 1971 నాటికి అది దాదాపు 1,000 కోట్లకు దిగింది. విదేశాల చేతుల్లోని డాలర్లు మాత్రం దానికి అనేక రెట్లు పెరిగాయి. పెట్టెలో ఉన్న సొమ్ము కన్న బయట తిరిగే హుండీలు ఎక్కువైనప్పుడు ఏ షాహుకారు పరిస్థితి అయినా ఇంతే.

1971 ఆగస్టు 13 నుంచి 15 వరకు క్యాంప్ డేవిడ్‌లో నిక్సన్ తన ఆర్థిక సలహాదారులతో సమావేశమయ్యాడు. విదేశాంగ శాఖ పెద్దలకు ఆ సమావేశంలో స్థానం లేదు. ఆర్థిక మంత్రి జాన్ కానలీ మాట అక్కడ చెల్లింది. ఆదివారం రాత్రి, మన కాలమానం ప్రకారం సోమవారం ఉదయం, ప్రకటన వెలువడింది. డాలరుకు బంగారం ఇవ్వటం నిలిపివేత. దిగుమతులపై 10 శాతం అదనపు సుంకం. దేశంలో 90 రోజులు ధరలు, వేతనాల స్తంభన.

మిత్రదేశాలతో ముందుగా సంప్రదింపులు జరగలేదు. పొరుగున ఉన్న కెనడా తన ఎగుమతులలో అధిక భాగం అమెరికాకే పంపుతుంది. సుంకం నుంచి మినహాయింపు కావాలని అడిగినా దొరకలేదు. డాలరు తమ కరెన్సీ అయినా సమస్య మాత్రం మీదేనని ఐరోపా మంత్రులతో కానలీ అన్న మాట ఆనాటి ధోరణికి అద్దం పడుతుంది.

మాట నిలుపుకున్నవారికే నష్టం

ఇక్కడ వర్తకులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఫ్రాన్సు 1960 దశకంలో తన డాలర్లను ఇచ్చి బంగారం తీసుకుంటూ వచ్చింది. అది మిత్రధర్మం కాదని విమర్శలు వచ్చాయి. పశ్చిమ జర్మనీ అలా చేయలేదు. అమెరికా సైన్యం తమ గడ్డపై కాపలా కాస్తున్నందున, డాలర్లను బంగారంగా మార్చబోమని ఆ దేశపు కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు కార్ల్ బ్లెస్సింగ్ 1967లో లేఖ రాసి ఇచ్చాడు. జపాను కూడా డాలర్లనే దాచుకుంది.

కిటికీ మూసిన నాడు ఫ్రాన్సు చేతిలో బంగారం ఉంది. మర్యాద పాటించినవారి చేతిలో కాగితం ఉంది. బంగారం ధర 1973 మే నెలలో 100 డాలర్లు దాటి, 1980 జనవరి 21న 850 డాలర్లకు ఎగబాకింది. పెద్ద ఖాతాదారు కదా, అడిగితే నొచ్చుకుంటాడని బాకీ వసూలు వాయిదా వేసే వ్యాపారికి ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

టోక్యోలో పన్నెండు రోజులు

ప్రకటన వచ్చేసరికి టోక్యోలో సోమవారం ఉదయం 10 గంటలు. షేర్ల బజారు నడుస్తూ ఉంది. అమ్మకాల వత్తిడికి ధరలు కుప్పకూలాయి. ఐరోపా దేశాలు విదేశ మారక బజార్లను వారం రోజులు మూసి ఉంచగా, జపాను మాత్రం తన బజారును తెరిచి, డాలరుకు 360 యెన్ల పాత రేటునే నిలబెట్టాలని చూసింది. రేటు నిలవదని బ్యాంకులు, ఎగుమతి సంస్థలు గ్రహించాయి. చేతిలో ఉన్న డాలర్లనూ, రాబోయే డాలర్లనూ కేంద్ర బ్యాంకుకు కుమ్మరించాయి. ఆగస్టు 28న యెన్‌ను తేలనిచ్చేసరికి కేంద్ర బ్యాంకు కొన్నది సుమారు 400 కోట్ల డాలర్లు.

డిసెంబరు 18న వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ఒప్పందంలో డాలరుకు 308 యెన్లని ఖాయమైంది. ఒక్కొక్క డాలరుపై 52 యెన్లు తరుగు. 400 కోట్ల డాలర్లపై లెక్క కడితే 20,800 కోట్ల యెన్లు. ఇది ప్రభుత్వ ఖాతాలో పడ్డ నష్టం. ముందుగా డాలర్లు అమ్ముకోలేకపోయిన చిన్న ఎగుమతిదారు సంగతి ఇంకా కష్టం. లక్ష డాలర్ల సరుకుకు 3 కోట్ల 60 లక్షల యెన్లు వస్తాయని నమ్మి కూలి, ముడిసరుకు చెల్లించినవాడికి చివరకు చేతికి వచ్చేది 3 కోట్ల 8 లక్షలు. నూటికి పద్నాలుగు వంతులకు పైగా పోయింది. అంత లాభం మిగిలే ఎగుమతి వ్యాపారం ఎక్కడ ఉంది?

ఈ ఒప్పందంతో బంగారం అధికార ధర 38 డాలర్లయింది. 10 శాతం సుంకం రద్దయింది. కాని ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు. 1973 ఫిబ్రవరిలో డాలరు విలువ మరో 10 శాతం తగ్గింది. మార్చి నాటికి ప్రధాన నాణేలన్నీ తేలిపోయాయి.

మన రూపాయి సంగతి

1966 జూన్‌లో విలువ తగ్గించినప్పటి నుంచి మన రూపాయి డాలరుకు 7.50గా ఉంది. 1971 డిసెంబరులో పౌనుకు 18.9677 రూపాయల చొప్పున రూపాయిని పౌనుతో ముడివేశారు. కొత్త పౌను-డాలరు రేటు 2.6057 ప్రకారం చూస్తే డాలరుకు సుమారు 7 రూపాయల 28 పైసలు. డాలర్లలో ధర కట్టిన ఎగుమతిదారుకు వెయ్యి డాలర్ల మీద 220 రూపాయల పైచిలుకు తగ్గింది. ఆరు నెలలకే, 1972 జూన్ 23న, బ్రిటన్ పౌనును తేలనిచ్చింది. పౌను పడింది, దానితో రూపాయీ పడింది. ఆ సంవత్సరాంతానికి డాలరు 8 రూపాయలు దాటింది. వాషింగ్టన్‌లో జరిగిన నిర్ణయానికి మన ఎగుమతిదారు ఒకే ఏడాదిలో రెండు దిక్కులా ఊగవలసి వచ్చింది. 1975 సెప్టెంబరులో రూపాయిని పౌను నుంచి విడదీసి అనేక కరెన్సీల సముదాయానికి ముడివేయటానికి ఈ అనుభవం కూడా ఒక కారణం.

మూడవ దెబ్బ: సోయా చిక్కుడు నిషేధం

సరుకుల వర్తకులకు అన్నిటికన్న ముఖ్యమైనది ఇది. 1972లో పెరూ తీరంలో సముద్రపు నీరు వేడెక్కి ఆంకోవీ చేపల పట్టు అంతకుముందు ఏటిలో సగానికన్న తక్కువకు పడింది. కోళ్ళ, పశువుల దాణాకు వాడే చేపల పొడికి కొరత వచ్చింది. అదే వేసవిలో సోవియట్ యూనియన్ అమెరికా బజారులో పెద్ద ఎత్తున ధాన్యం కొనుగోలు చేసింది. మన దేశంలోనూ అనావృష్టి వల్ల వేరుశనగ పంట దెబ్బతిన్నది. చేపల పొడి లేదు, వేరుశనగ చెక్క తక్కువ. కొనుగోలుదారులందరూ సోయా మీద పడ్డారు.

దీనికి డాలరు పతనం తోడైంది. 1972లో చికాగోలో సోయా బుషెలు ధర సుమారు 3.50 డాలర్లు. 360 యెన్ల పాత రేటున లెక్కిస్తే అది 1,260 యెన్లు. 1973 జూన్ తొలివారంలో ధర 12.90 డాలర్ల రికార్డుకు పోయింది. అప్పటికి డాలరు సుమారు 265 యెన్లు, కాబట్టి బుషెలు 3,420 యెన్ల దరిదాపు. అమెరికా కొనుగోలుదారుకు ధర మూడున్నర రెట్లు దాటి పెరగగా, జపాను కొనుగోలుదారుకు పెరిగింది సుమారు 2.7 రెట్లే. అందుచేత విదేశీ గిరాకీ తగ్గలేదు. 1971 నిర్ణయం ఈ విధంగా 1973 తేజీకి ఊతమిచ్చింది.

అమెరికాలో జూన్ 13న ధరలను మళ్ళీ స్తంభింపజేశారు. దాణా ధర ఆకాశంలో, మాంసం ధర కట్టడిలో. గిట్టుబాటు కాక కోళ్ళ రైతులు పిల్లలను ముంచి చంపటం టెలివిజన్‌లో జనం చూశారు. జూన్ 27న ప్రభుత్వం సోయా, పత్తి గింజలు, వాటి నూనె, చెక్కల ఎగుమతిని నిషేధించింది. జూలై 2న లైసెన్సు పద్ధతి తెచ్చి, కుదిరి ఉన్న ఒప్పందాలలో సోయా గింజలకు 50 శాతం, సోయా చెక్క, పిండికి 40 శాతం మాత్రమే పంపనిచ్చింది. కొత్త బేరాలను ఆపటం ఒక ఎత్తు. సంతకమైన కంట్రాక్టులను సగానికి కోయటం మరొక ఎత్తు.

ఆనాడు జపాను దిగుమతి చేసుకున్న సోయాలో నూటికి 90 వంతులు పైగా అమెరికాదే. అక్కడ సోయా కేవలం దాణా కాదు. టోఫు, మిసో, షోయు అన్నీ దానితోనే. మనకు కందిపప్పు ఎటువంటిదో వారికి సోయా అటువంటిది. మిత్రదేశం, అందులోనూ తానే కొనమని ప్రోత్సహించిన దేశం, ముందు చెప్పకుండా తిండి గింజ ఆపిందన్న బాధ వారి మనసులో నాటుకుంది. తీరా కొత్త పంట సమృద్ధిగా వచ్చింది. సెప్టెంబరులో ఆంక్షలు సడలాయి. మూడు నెలల కొరత తీరిపోయింది గాని నమ్మకం తిరిగి రాలేదు.

లండన్ మధ్యవర్తుల ముందు

నిషేధం ముగిసినా వ్యాజ్యాలు ఏళ్ళ తరబడి సాగాయి. ఐరోపాకు వెళ్ళే దాణా సరుకు అధిక భాగం లండన్‌లోని గాఫ్టా సంఘపు నమూనా కంట్రాక్టులపై అమ్ముడవుతుంది. ఒకే సరుకు ఓడ చేరేలోపు ఎన్నో చేతులు మారుతుంది. గొలుసు మొదట ఉన్న రవాణాదారుకు సరుకు ఆగితే, చివరన ఉన్న కొనుగోలుదారు వరకూ అందరూ ఒకరిపై ఒకరు దావా వేశారు.

వివాదమంతా రెండు షరతుల చుట్టూ తిరిగింది. ప్రభుత్వం నిషేధిస్తే బట్వాడా కాని భాగం రద్దవుతుందనేది ఒకటి. ఆటంకం వచ్చినప్పుడు నోటీసు ఎప్పుడు ఎలా ఇవ్వాలనేది రెండవది. అమ్మకందారు సముద్రం మీద ఉన్న వేరే సరుకు కొని ఇవ్వవలసిందేనా అన్న ప్రశ్న 1978లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. అక్కరలేదని తీర్పు వచ్చింది. గొలుసులో ఉన్నవారంతా ఆ కొద్ది సరుకు కోసం పోటీ పడితే ధరకు హద్దు ఉండదన్నది ఇందులోని తర్కం. అయితే ఇతర కేసుల్లో, తమ సరుకు ఏ రవాణాదారు నుంచి రావలసి ఉందో, అది నిషేధం వల్లనే ఆగిందో రుజువు చేయలేక అమ్మకందారులు ఓడిపోయారు కూడా. నిషేధం అందరికీ ఒకటే. కాగితాలు సరిగా ఉన్నవాడు బయటపడ్డాడు, లేనివాడు ధర తేడా చెల్లించాడు.

కొనుగోలుదారు దారి మార్చుకున్నాడు

జపాను ఈ అనుభవాన్ని మరచిపోలేదు. 1974 సెప్టెంబరులో ప్రధాని తనాకా బ్రెజిల్ వెళ్ళి వ్యవసాయ సహకారంపై అవగాహనకు వచ్చాడు. సెర్రాడో అనే బీడు మైదానాలను సాగులోకి తెచ్చే ఉమ్మడి పథకం 1979లో మొదలైంది. 1970లో 15 లక్షల టన్నులుగా ఉన్న బ్రెజిల్ సోయా ఉత్పత్తి 1980 నాటికి కోటిన్నర టన్నులకు చేరింది. కాలక్రమంలో ఆ దేశం అమెరికాను దాటి ప్రపంచంలో అగ్ర ఎగుమతిదారు అయింది. ఇందులో బ్రెజిల్ సొంత పరిశోధన, పెట్టుబడి పాత్ర పెద్దదే. అయితే కొనుగోలుదారుల్లో మొదటి సందేహం పుట్టించింది మాత్రం 1973 నిషేధం.

1980 జనవరి 4న అధ్యక్షుడు కార్టర్ ఆఫ్ఘనిస్తాన్ ఆక్రమణకు శిక్షగా సోవియట్ యూనియన్‌కు 170 లక్షల టన్నుల ధాన్యం అమ్మకాన్ని నిలిపివేసినప్పుడు ఇదే కథ నడిచింది. చికాగోలో ధాన్యం వాయిదా వ్యాపారం రెండు రోజులు ఆగింది. అర్జెంటీనా ఆంక్షలో చేరక ఆ బేరం తాను చేసుకుంది. 1981 ఏప్రిల్ 24న రీగన్ ఆంక్షను ఎత్తివేశాడు.

మన గడపలో

ఇటువంటి మలుపులు పరాయి దేశాల సొత్తు కాదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక మన గోధుమలతో ప్రపంచ కొరత తీరుస్తామన్న ప్రకటనలు వెలువడ్డాయి. వారాలు తిరగకుండానే మే 13న గోధుమ ఎగుమతిని నిషేధించారు. ఆ తేదీ నాటికి రద్దుకాని లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉన్న సరుకును మాత్రం పోనిచ్చారు. 2023 జూలై 20న బాస్మతియేతర తెల్ల బియ్యం వంతు వచ్చింది. ఈసారి ముఖ్యమైనది లెటర్ ఆఫ్ క్రెడిట్ కాదు, ఓడలోకి లోడింగు మొదలైందా లేదా అన్నది. పశ్చిమ ఆఫ్రికాకు బియ్యం పంపే కాకినాడ వర్తకులకు ఈ తేడా విలువ బాగా తెలుసు. అమెరికాలోని తెలుగువారు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల ముందు బారులు తీరిందీ అప్పుడే. 2024 సెప్టెంబరులో నిషేధం తొలగింది.

2025 మరో వైపు నుంచి అదే పాఠం చెప్పింది. ఆ ఫిబ్రవరిలో భారత్, అమెరికా వ్యాపారాన్ని 2030 నాటికి 50,000 కోట్ల డాలర్లకు పెంచాలని ఇరు దేశాల నాయకులు ప్రకటించారు. ఆగస్టు 27 నాటికి మన సరుకులు అనేకంపై అమెరికా సుంకం 50 శాతం అయింది. అమెరికాయే పెద్ద బజారుగా ఉన్న కోస్తా ఆంధ్ర రొయ్యల వ్యాపారంపై ఆ దెబ్బ నేరుగా పడింది.

వర్తకులు గుర్తుంచుకోవలసినవి

1. పెద్ద దేశాలు ఇటువంటి నిర్ణయాలను సాధారణంగా బజారు మూసి ఉన్న వేళ చూసి ప్రకటిస్తాయి. 1971లో ఆదివారం రాత్రి, 1980లోనూ, 2022లోనూ శుక్రవారం రాత్రి. వారాంతానికి కప్పుదల లేకుండా మోయగలిగినంత కన్న ఎక్కువ సరుకును తల మీద పెట్టుకోరాదు.

2. నిషేధానికి ముందు సూచనలు ఉండకపోవు. స్వదేశంలో ధరల కట్టడి, వినియోగదారుల గగ్గోలు, ఎగుమతుల వివరాలు నమోదు చేయమని ప్రభుత్వం అడగటం. ఈ మూడూ కనిపిస్తే బేరం పరిమాణం తగ్గించుకోవటం మంచిది. నాయకుని స్నేహపూర్వక ప్రసంగాలకన్న ఇంటి బజారులో ధర నమ్మదగిన సూచన.

3. కంట్రాక్టులో నిషేధపు షరతు, నోటీసు గడువు చదవకుండా సంతకం చేయరాదు. మినహాయింపు తేదీ ఒకసారి లెటర్ ఆఫ్ క్రెడిట్‌కు, మరొకసారి లోడింగుకు, ఇంకొకసారి షిప్పింగ్ బిల్లుకు ముడిపడుతుంది. మూడు కాగితాలూ త్వరగా సిద్ధం చేసుకున్నవానికి మూడింటిలోనూ రక్షణ ఉంటుంది.

4. సరుకు బేరం ఒకటి, నాణెం బేరం మరొకటి. ధరలో లాభం రెండు శాతం ఉన్నప్పుడు మారకపు రేటును తెరిచి వదిలేయటం వ్యాపారం కాదు, పందెం.

5. నూటికి 90 వంతులు ఒకే చోట కొనేవాడు గాని, ఒకే చోట అమ్మేవాడు గాని ఆ చోటి రాజకీయాలకు బందీ. రెండవ దారికి కొంత ఖర్చు అయినా ముందే వేసి ఉంచుకోవాలి.

6. నిషేధపు తేజీలో నిలవలు పట్టుకు కూర్చున్నవారు 1973 కొత్త పంటను గుర్తు చేసుకోవాలి. ఆర్డరు మీద పెరిగిన ధర ఆర్డరు మీదనే పడుతుంది.

జపాను తిరిగి అమెరికా సోయా కొన్నది. స్నేహం తెగలేదు. కాని 1973 తరువాత ఏ బేరానికైనా మొదట బ్రెజిల్ ధర కూడా అడిగింది. ఖాతాదారు నిన్ను విడిచి పోకుండానే పక్క కొట్టులో ధర వాకబు చేయటం మొదలుపెట్టిన రోజు, నీ సరుకు మీద నీకున్న పైచేయి పోయిందని ఎరిగిన వర్తకుడే ఆ నష్టపు పరిమాణం లెక్క కట్టగలడు.